రిమార్కుల గడి

గీత పక్కన నిలబడుడే నా పని.
కాలు పడ్డదా, పడలేదా,
గంతే చెప్పాలె.
ఇరవై రెండేండ్ల సంది
తల వంచుకొని గీతలనే చూస్తున్న.
గీతకు అవతల ఏం జరిగినా
అది నా లెక్కల లేదనుకున్న.

హన్మకొండ స్టేడియం. జిల్లాల సెమీఫైనల్.
పొద్దు వాలినా మ్యాటు ఇంకా కాలుతున్నది.
కొత్తగూడ పిల్ల, ఈసం ప్రవళిక,
పద్నాలుగేండ్లు, ఏడో నంబరు,
కూతకు పోయింది.
ఏం కూత అది!
మక్కచేన్ల మంచె మీంచి పిట్టలను కొట్టిన గొంతు.
ఒక్క ఊపిరిల ముగ్గురిని తాకి మళ్లింది.
మళ్లేటప్పుడు
బెంచీ మీంచి సారు లేచి నిలబడ్డడు.
ఏమనలే.
విజిలు తాడు వేలికి చుట్టుకుంటున్నడు,
విప్పుతున్నడు.

కూత తెగింది.
గీత ఇంకా జానెడు దూరంల ఉన్నది.
పిల్లను ఎవ్వరూ పట్టలే.

రూలు రూలే. చెయ్యి లేపిన.
ఔట్.

ఆట అయినంక నల్లా కాడ కాళ్లు కడుక్కుంటున్నది.
పిక్కల మీద వాతలు. తాడు మందం.
"పడ్డవా బిడ్డా?"
"పడ్డ మేడం."
మ్యాటు మీద పడితే తోలు గీసుకపోతది,
వరుసలు తీరదు.
నాకెరుకే ఆ అబద్ధం.
నా పదిహేనో ఏట, నర్సంపేటల,
మా అమ్మకు అదే మాట చెప్పిన.
ఆ సారు రిటైరైన నాడు
బంతిపూల దండ గుచ్చింది నేనే.
ఫొటోల నవ్విన గూడ.

మిగిలింది కెప్టెన్ చెప్పింది,
బానోతు నందిని, తొర్రూరు పిల్ల,
బూటు లేసు కడుతున్నట్టు వంగి, నా మొకం చూడకుంట.
బరువు పెరిగితే రాత్రి అన్నం బంద్.
ఓడితే తాడు.
తొమ్మిది దాటినంక ఫోను, ఒక్కొక్కలకు.
ఎత్తకపోతే పేరుండదు.
"లిస్టు ఆయన జేబులనే ఉంటది మేడం."

స్కోరుషీటు కింద ఒక గడి ఉంటది, రిమార్కులని.
ఇన్నేండ్లల నేను అందుల రాసింది
వాన వచ్చినది,
కరెంటు పోయినది,
ఒకపారి, కుక్క వచ్చినది.
ఆ పొద్దు రాసిన.
గడి సరిపోలే. వెనుకకు తిప్పి రాసిన.
వాతలెన్నో రాసిన, ఫోను సంగతి రాసిన.
పిల్లల పేర్లు రాయలే.
ఆయనది రాసిన, ఇంటిపేరుతోని సహా.

సెక్రెటరీ చాయ్ తెప్పిచ్చిండు.
"జిల్లా పేరు పోతదమ్మా. మెడల్స్ తెచ్చిన మనిషి.
జెర వేరే షీటు రాసియ్యరాదు?"
చాయ్ మీద మీగడ కట్టేదాక కూసున్న.
"కూత తెగితే పిల్ల మీద చెయ్యి లేపిన గదా సార్,
తెంపినోని మీద ఎవరు లేపాలె?"

ధైర్యమనకుండ్రి దీన్ని.
ధైర్యమైతే నర్సంపేటలనే రావాలె.

ఠాణాకు ప్రవళిక నాయిన వచ్చిండు,
కిరాయి ట్రాక్టరు నడిపే మనిషి.
మెట్ల కాడ చెప్పులు విడిచిండు.
తొడుక్కో అన్నా, అన్న.
మనం మొక్కుటానికి రాలే.

విచారణ నడుస్తున్నదట.
నా డ్యూటీలు తగ్గినై. కొందరు నన్ను చూసి
స్కూటీ స్టాండు దిక్కు మళ్లుతున్నరు.
పిల్ల గ్రౌండుకు వస్తలేదు.

నిన్న నేనే కొత్తగూడ పోయిన.
ఏమీ అడుగలే. మంచినీళ్లు తాగిన.
చిన్నచెల్లె కట్టెపుల్లతోని దుమ్ముల గీత గీసి
నన్ను దాని పక్కన నిలబెట్టింది, అంపైరు గదా అని.
ప్రవళిక గడపల కూసోని
ఆ గీతను శానాసేపు చూసింది.
లేచింది.
గొంతు సవరించుకున్నది.

నేను ఈపారి తల వంచలే.
గీతను కాదు,
పిల్లను చూస్తున్న.