నీటికాకి మెడ

మూడు వారాలు మోకాళ్ళ మీదే ఉన్నాను,
ప్రార్థనకి కాదు,
పలకలు ఊడదీయడానికి.

గ్లాస్గోలో, క్లైడ్ నదికి రెండు వీధుల ఇవతల
కార్మొరాంట్ క్లబ్బు.
కార్మొరాంట్ అంటే నీటికాకి.
గుమ్మం మీద నియాన్ గొట్టాల పిట్ట:
రెక్కలు పచ్చ, ముక్కు ఎరుపు,
మెడ మాత్రం డెబ్భై నాలుగులో
ఎవడో విసిరిన సీసాకి పోయింది.
అప్పట్నుంచీ ఊరెరిగిన పిట్టకి
మొండెం ఒకచోట, ముక్కొకచోట,
నడుమ చీకటి.
"మెడ దగ్గర కలుద్దాం" అనుకునేవాళ్ళు కుర్రాళ్ళు.
లేని మెడ దగ్గరే కలిసేవాళ్ళు.

మొదట్లో ఇది తాళ్ళ గోదాము.
ఓడల మోకులు చుట్టలు చుట్టలుగా పడుకున్న చోటు.
వాన పడితే గోడ ఇప్పటికీ తారు వాసన కొడుతుంది,
ఇక్కడ వాన పడని రోజేది?
ఆ తర్వాత డాన్సు హాలు.
పలకల కింద స్ప్రింగులు వేయించాడట మొదటి యజమాని.
నువ్వు బరువు దించుతావు,
నేల దాన్ని పుచ్చుకుని, కాస్త వడ్డీ కలిపి
నీకే తిరిగిస్తుంది.

శనివారం రాత్రి ఓడల రేవు నుంచి వచ్చేవాళ్ళు
ఇనుప రేకులకి మేకులు కొట్టీ కొట్టీ
చెవులు సగం పోయిన మగాళ్ళు.
బాకా ఊదేవాడి బుగ్గలు కనబడేవి గాని
పాట వినబడేది కాదు.
తాళాన్ని అరికాళ్ళతో పట్టుకునేవాళ్ళు.
మా తాత వాళ్ళలో ఒకడు.
ఆయన ఇక్కడ డాన్సు చేసిన అమ్మాయి మా నాయనమ్మ కాదు,
ఆ కథ ఇక్కడ వద్దు.

రేవు మూతపడింది. గిటార్లొచ్చాయి,
పందిముళ్ళ జుట్టు పిల్లలొచ్చారు,
తర్వాత మనిషి లేకుండా మోగే డప్పులొచ్చాయి.
నేల ఎవరినీ కాదనలేదు.
చివరికి పక్కన అపార్టుమెంట్లు లేచాయి.
నది కనబడుతుందని కొన్నవాళ్ళే
సంగీతం వినబడుతోందని అర్జీ పెట్టారు.
పదకొండేళ్ళు తాళం.
లోపల పావురాలు, పైకప్పు నుంచి ధార.

కొత్త యజమాని కాట్రియోనాకి
వయసు ముప్పై, అప్పు అరవై ఏళ్ళకి సరిపడా.
"సిమెంటు పోసేద్దాం, చవక" అంది.
చెడని మూల ఒకటి మిగిలుంటే అక్కడికి తీసుకెళ్ళి
గెంతమన్నాను.
ఒకసారి గెంతింది.
రెండోసారి నేను చెప్పలేదు.
సిమెంటు మాట మళ్ళీ రాలేదు.

పలకల కింద దొరికినవన్నీ బిస్కెట్ డబ్బాలో వేశాను:
తలపిన్నులు, పోయిన రాజుల నాణేలు,
రాయైపోయిన చూయింగ్ గమ్,
బూటు లేని ఎర్ర మడమ ఒకటి,
ఒక పన్ను.
కోట్ల గదిలో ముప్పై ఒక్కేళ్ళు టోకెన్లిచ్చిన సెంగా
డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏరింది.
పన్నుని దీపానికెత్తి చూసి
"ఇది మోర్వెన్ వాళ్ళాయనది.
కొట్టింది మోర్వెనే" అంది.

తెరిచిన రాత్రి వీధి మలుపు దాకా వరస.
కాట్రియోనా మీట నొక్కింది.
పిట్ట వెలిగింది, మెడతో సహా,
కొత్త గొట్టం, సొట్ట లేని వంపు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"ఇదేంటి, బాతా?" అన్నాడో ముసలాయన.
సెంగా గొడుగు ఎత్తి చూపించింది:
"ఆ మెడ ఆర్పండి."
నిచ్చెన తెచ్చారు. తీగ పీకారు.
చీకటి తన చోట్లోకి తను వచ్చి కూర్చోగానే
వీధంతా కేక వేసింది.

లోపల నేను డాన్సు చెయ్యలేదు.
రంపాల హోరుకి నా చెవులూ సగమే.
స్తంభం పక్కన బూట్లు విప్పి నిలబడ్డాను.
మేజోళ్ళలోంచి ఎక్కింది
మొదట మడమకి, తర్వాత పిక్కకి,
ఎవరి పాటో తెలీదు, అడగలేదు.

అర్ధరాత్రి దాటాక ఒక పిల్ల
చెవిదుద్దు జారిపోయిందని
ఫోను వెలుగులో నేలంతా వెతికింది.
పలకకీ పలకకీ మధ్య సందులో పడిందేమో అంది.
పడే ఉంటుంది.
ఆ సందు నేను కావాలనే వదిలాను.