ఒకటో నంబరు బొమ్మ

స్కూవోయ్ దీవిలో ఈ గుడిసెకి ఒకటే కిటికీ.
లోపలున్న కంప్యూటరుకి అదీ లేదు.
గాలిమర తిరిగితేనే కరెంటు కనుక
రంగులూ మౌసూ బాణంగుర్తూ అన్నీ పీకేసి
నల్లపలక, తెల్ల అక్షరాలు,
ఇంతే మిగిల్చి పోయాడు త్రోన్దుర్.
కీబోర్డు అడుగున టేపు వేసి అంటించిన చీటీ:
“బొమ్మ వస్తే అక్షరాలు పోతాయి.
గాభరా పడకు. క్యూ నొక్కు, తిరిగొస్తాయి.”

కొండచరియ మీది కెమెరా గంటకొకటి పంపుతుంది.
నాకందేవి పేర్లే:
సున్నా సున్నా నలభై ఒకటి,
సున్నా సున్నా నలభై రెండు,
బడి హాజరుపట్టీలా.
పిలిస్తే గాని తెలీదు ఎవరి మొహం ఏదో.

మూడక్షరాల కమాండు కొట్టి పిలుస్తాను.
పలక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి
పైనుంచి కిందికి చాప పరుస్తుంది.
ముందు బూడిదరంగు ఆకాశం,
తర్వాత తడిసిన రాయి,
రాతి గట్ల మీద లొమ్వియి పక్షులు,
బస్సు ఆలస్యమైన గుమాస్తాల్లా
భుజం భుజం రాసుకుంటూ.
అన్నిటికన్నా ఆఖర్న సముద్రం.

స్పేస్ నొక్కితే మరో గంట.
కూడిక గుర్తు నొక్కితే గుడ్డు దగ్గరికొస్తుంది,
ఒక కొస సన్నం, ఒక కొస లావు.
లెక్కకొచ్చే బొమ్మ దగ్గర ఎంటర్ నొక్కానా
దాని పేరు మనసులో పెట్టుకుని
బయటికొచ్చేటప్పుడు అప్పజెబుతుంది.
అంతకు మించి ఒక్క మాట అనదు.
ఇలాంటివాళ్ళు మనుషుల్లో తక్కువ.

లెక్క ఎప్పుడూ పన్నెండు నుంచే మొదలు.
మొదటి పదకొండూ కెమెరా బిగించేటప్పటివి,
చూడక్కర్లేదన్నాడు త్రోన్దుర్.
ఇవాళ పొగమంచు కమ్మి పడవ రాలేదు.
ఊరికే ఉండలేని వేలు
ఒకటి నుంచి అడిగింది.

ఆకాశం రావలసిన చోట గడ్డం వచ్చింది.
తర్వాత నోరు,
నోటి కింద ముక్కు, ముక్కు కింద కళ్ళు.
ఆర్ నొక్కాను. పక్కకి ఒరిగాడు.
మళ్ళీ నొక్కాను.
నిలబడ్డాడు.

ఆ రోజు పైన తాడు పట్టుకున్నది నేనే.
“ఆగు” అన్నానంటాడు.
నాకు వినబడింది “వదులు”.
మధ్యలో ఉన్నది గాలి, దాని సాక్ష్యం చెల్లదు.
జానెడు తాడు జారింది. మోకాలు రాతికి తగిలింది.
కుంటు తగ్గాక సాల్మన్ తొట్ల దగ్గర చేరాడు,
చేపల్ని లెక్కపెట్టే పని, జీతం ఎక్కువ.
పడవలో ఎదురైతే
వాన గురించి మాట్లాడుకుంటాం,
ఇక్కడ వానకి కొరతేముంది.

కూడిక. కూడిక. కూడిక.
నోరు పెద్దదై గళ్ళ లుంగీలా విడిపోయింది.
మా భాషలో ఆ రెండు మాటలూ
ఒకే “స”తో మొదలవుతాయి.
తెల్లగళ్ళు పళ్ళు. పళ్ళ మీద పళ్ళు.
ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నాడు.
తీసివేత నొక్కుతూ వెనక్కి వచ్చి చూశాను,
అతని భుజం పక్కన తాడు
బిగుతుగానే ఉంది.
అప్పటికింకా.

ఎంటర్ ఎప్పుడు నొక్కానో తెలీదు.
క్యూ నొక్కాను.
మొహం పోయింది, అక్షరాలు తిరిగొచ్చాయి,
ఏమీ ఎరగనట్టు.
వాటి కింద ఒకే ఒక్క పేరు:
సున్నా సున్నా సున్నా ఒకటి.
తోర్షావ్న్ ఆఫీసుకి పక్షులే కావాలి.
ఇది తుడిచేసినా అడిగేవాళ్ళు లేరు.

అతనికి పంపడానికి వేరే కమాండు ఉంది.
సగం కొట్టాను.
దాని చివర చిన్న గీత
వెలుగుతోంది, ఆరుతోంది.
బయట గాలిమర బాగానే తిరుగుతోంది,
కరెంటు పోతుందన్న సాకు కూడా లేదు.