గమ్మునుండే పని

ఇరవయ్యెనిమిదేళ్లుగా బోరు మోటార్లకు తీగ చుడతా ఉండాను,
కట్టమంచి రోడ్డులో, మెట్ల కింద అంగడి.
బాకీ తీర్చలేని ఒక పెద్దమనిషి
దుడ్డుకు బదులు అట్టపెట్టె ఒకటి పెట్టి పోయినాడు.
లోపల హెలికాప్టరు.
మూరకంటే రవ్వంత జాస్తి, తోకకొక బుల్లి పంకా,
కడుపులో బొటనవేలంత మోటారు.

ముందు మోటారే విప్పినాను. అలవాటు.
రాగి చుట్లు లెక్కపెట్టినాను.
ఒక తీగ మీద ఇంకో తీగ ఎక్కలేదు.
యా దేశంలో యా చేతులు చుట్టినాయో,
అమ్మేద్దామనుకున్నోణ్ణి మళ్లీ బిగించి పెట్టుకున్నాను.

గ్రీమ్స్‌పేట బ్యాటరీ అంగట్లో ఫరీదా,
పందొమ్మిదేళ్ల పిల్ల, నాకు గురువు.
"నేర్పిస్తా మామా. నెల దినాలు మాత్రం
ఎగిరించమని అడగబాక."

పల్పు ఫ్యాక్టరీ ముందర, లారీల కాటా పక్కన,
బెంగుళూరా కాయల కాలం అయిపోయి
టెంకల పులుపు వాసన మాత్రం మిగిలిన జాగా.
పొద్దున ఆరు. గాలి ఇంకా నిద్ర లెయ్యలా.
రెండు వెదురు బద్దలు అడ్డంగా కట్టి
నాలుగు కొసలకూ నాలుగు ప్లాస్టిక్ బంతులు గుచ్చి
దాని కాళ్ల కింద తగిలించింది,
దోగాడే బిడ్డకు నడకబండి మాదిరి.

"తోకెప్పుడూ నీ దిక్కే ఉండాల.
మొగం చూస్తివా, కుడి ఎడమైపోతుంది."
మా నాయన మడక తోలేటప్పుడు
ఎద్దుల మొగం చూసింది ఎప్పుడని?
ఈ మాటంటే నవ్వింది, నవ్వతానే అనింది:
"ఎద్దులు పడిపోతే రెక్కలు కొనే పని లేదు గదా."

పని పడింది.
కుడికి ఒరిగిందని ఎడమకు లాగినాను,
ఎడమకు పోయిందని ఇంకా గట్టిగా కుడికి.
టప్.
ఒక ముక్క రేకుల షెడ్డుకు తగిలి మోగింది.
ఇంకో ముక్క ఈ పొద్దుటికీ దొరకలేదు.
మూడు జతలు. జతకు ఏడొందలు.
ఇంట్లో ఒక జతే చెప్పినాను.

జానెడెత్తు లేపుతాను, వొణుకుతుంది.
దించుతాను. లేపుతాను, వొణుకుతుంది.
మోటారు తప్పా, నా వేళ్లు తప్పా?
"రెండూ కాదు మామా.
దాని గాలి నేలకు కొట్టుకోని దానికే తగలతా ఉంది.
పడతాదని భయపడి కిందకిందనే పెట్టుకుంటే
వొణుకుతానే ఉంటాది.
నడుమెత్తుకు లేపు."

లేపినాను.
గుండెల్లో ఏందో నాకంటే ముందు లేచింది.
అక్కడ, నడుమెత్తులో, దాని గాలి దానికి అందని చోట,
నిలబడింది.

చిన్నప్పుడు మాయమ్మ దినానికి పదిసార్లు
గమ్మునుండరా అనేది.
గమ్మునుండడమంటే ఏమీ చెయ్యకపోవడం అనుకున్నాను.
ఇప్పుడు చూస్తే రెండు బొటనవేళ్లూ
ఆవగింజంత అటు, ఆవగింజంత ఇటు,
ఒక్క గడియ ఆగకుండా తిరుగుతా ఉంటే గానీ
అది గమ్మునుండలేదు.
ఫరీదా సెకన్లు లెక్కపెడతా ఉంది.
నేను నోట్లోనే చుట్లు లెక్కపెడతా ఉండాను,
ఎందుకో, పాత మోటారు ముందర కూర్చున్నట్టు.
పదకొండు దాకా వచ్చినాము ఇద్దరమూ.
కాటా మీద కాకి వాలింది. కన్ను అటు పోయింది.
దించేసినాను. విరగలా.

కుర్చీలోంచి చూస్తా ఉండిన వాచ్‌మన్ చెంగల్రాయులు
బీడీ ఆర్పి దగ్గరికొచ్చినాడు.
"ఇంతేనా? యాడికీ పోలేదే!"

ఏం చెప్పేది?
బ్యాటరీ ఊడబీకి అరచేతిలో పెట్టుకున్నాను.
కోడి అప్పుడే లేచిపోయిన గుడ్డు మాదిరి
వెచ్చగా ఉండింది.
ఎనిమిది గంటలకు అంగడి తియ్యాల.
పెనుమూరాయన మోటారు రెండు దినాలుగా
సగం చుట్టి పడుండాది.