ఖాళీ బండి బరువు

ఇరవై తొమ్మిదేళ్ళు హైవే పక్కన రేకుల గదిలో కూర్చుని
కలప లారీలు తూచాను.
నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలేది సరుకు.
అంతకు మించిన లెక్కలు నాకు రావు.

ఉద్యోగం అయిపోయిన వసంతంలో
ఆర్డిత్ నా అరచేతిలో ఒక గింజ పెట్టి
"దీన్ని తూచు" అంది.

గోళ్ళు తీసుకునే కత్తెరతో దాని అంచు కాస్త గీకింది.
తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్ మీద
మోటారు వేడి తగిలే మూల పెట్టింది.
నాలుగో రోజు కాఫీ కలుపుతూ
"వచ్చింది" అంది,
బస్సు దిగిన చుట్టం గురించి చెప్పినట్టు.

జూన్ నెలాఖరుకి తీగ
కంచె కిందుగా దూరి
లీలండ్ స్టబుల్‌ఫీల్డ్ బట్టలారేసే స్తంభాన్ని పట్టుకుంది.
తెల్లవారుజామునే లేచి మగపువ్వు తుంచి
ఆడపువ్వుకు అద్దేది ఆర్డిత్,
ముక్కు కొసన పసుపు పుప్పొడితో
అలాగే చర్చికి వచ్చేది.

నాలుగు పిందెలు నిలిచాయి.
పెద్ద కాయ కావాలంటే తీగకు ఒక్కటే.
ఆమెకు చేతులు రాలేదు, నేను కోశాను.
కోడిగుడ్డంత మూడు పిందెలు,
నూగు నూగుగా, ఎండకు వెచ్చగా.
పారేసే చోటు తోచక
చొక్కా జేబులో వేసుకుని
పొద్దు గూకేదాకా తిరిగాను.

తీగకు కాయ బరువా అంటారు.
అన్నవాడు ఎన్నడూ తూచి ఉండడు.
బరువే.
ఆర్కన్సాలో ఆగస్టు మధ్యాహ్నం రెండు గంటలకు
వచ్చి చూడండి:
ఆకులన్నీ ముడిచిన గొడుగుల్లా వేలాడుతుంటాయి,
కాయ ఒక్కటీ నిగనిగలాడుతూ కూర్చుంటుంది.
రాత్రంతా వేళ్ళు నీళ్ళు తోడుతాయి,
తెల్లారేసరికి మరో మూడు పౌండ్లు.

ఆర్డిత్ బట్టలు కుట్టే టేపుతో నిలువూ అడ్డమూ కొలిచి
పాల లెక్క రాసే పుస్తకంలో రాసేది.
మా పెళ్ళికి వాళ్ళ పిన్ని ఇచ్చిన పూల దుప్పటి
దాని మీద పందిరయింది.
రాత్రిళ్ళు ఎవరో వచ్చి మా కాయను కొలిచిపోతున్నారు
అని నేనన్నానో లేదో
లీలండ్ భుజాలు తడుముకున్నాడు.

పోటీకి పదకొండు రోజుల ముందు కుండపోత.
ఒక్కసారిగా తాగితే పగులుతుంది కాయ.
టార్చి పట్టుకుని పరుగెత్తి
ఆమె దానికి చెవి ఆనించింది.
అరవై ఎనిమిదేళ్ళ మనిషిని,
మెరుపుల్లో మోకాళ్ళ లోతు బురదలో నిలబడి
పుచ్చకాయకు గొడుగు పట్టాను.
"ఏం వినిపిస్తోంది?"
"నువ్వు మాట్లాడకపోతే తెలుస్తుంది."

నలుగురం దుప్పటి నాలుగు కొసలూ పట్టి
బండిలోకి ఎక్కించాం.
నూట డెబ్భై ఒక్క పౌండ్లు. మూడో బహుమతి.
మొదటిది వైనోనా క్రాబ్‌ట్రీకి, స్కూలు బస్సు నడుపుతుంది,
ఆవిడ కాయ రెండు వందల పదమూడు.
మా కాయను అక్కడే కోసి పిల్లలకు పంచారు.
రుచా? చెప్పుకోదగ్గది కాదు. నీళ్ళు.
గింజలు మాత్రం ఆర్డిత్ ఎవరి నోట్లోకీ పోనివ్వలేదు.

పోయేటప్పుడు పాత అలవాటుతో
రేకుల గది ముందు కాటా ఎక్కించాను బండిని.
తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ.
కిటికీలో కొత్త కుర్రాడు నవ్వుతూ చీటీలిచ్చాడు.
తీసేసి చూస్తే
నూట ఎనభై.

ఆ యంత్రం ఇరవై ఇరవైగా తప్ప లెక్కపెట్టదు,
ఆ సంగతి నాకన్నా ఎవరికి తెలుసు?
అయినా చీటీలు పక్కపక్కన పెట్టి
తొమ్మిది పౌండ్లు ఎక్కడివని గొణుక్కుంటుంటే
ఆర్డిత్ గింజల పొట్లం ఒళ్ళో సర్దుకుంటూ
అద్దంలోంచి రోడ్డునే చూస్తూ అంది:
"జేబులో ఏమైనా మర్చిపోయావేమో."

అదే చొక్కా.
చెయ్యి పెట్టి చూడలేదు.