కుడి అంచు

యర్రగుంట్లలో పాలిష్ ఫ్యాక్టరీ గేటు పక్క
టీ బంకు ముందర వేసిన నాపబండ మీద
ఎనిమిది అంకెలు. సుద్దవి కావు, ఉలితో చెక్కినవి.

7 3 9 3 9 1 3 3

లారీ డ్రైవర్లు ఫోన్ నంబరనుకున్నారు,
రెండంకెలు తక్కువ.
టీ బంకు మౌలాబి చీటీ డబ్బనుకుంది.
అంత చీటీ ఈ మండలంలో ఎవరూ ఎత్తలేదని
తనే నవ్వుకుంది.

చెక్కింది చిన్నోబయ్య.
నిడుజువ్వి గనిలో పొర చూసి బండ లేపేవాడు.
కుడిచేతికి మూడే వేళ్లు.
పదో తరగతిలో లెక్కలొక్కటే పాసైన మనిషి.
"ఏడు కోట్లా ముప్పై తొమ్మిది లక్షలా
ముప్పై తొమ్మిది వేలా నూట ముప్పై మూడు" అని
సంతలో ఎద్దు ధర చెప్పినట్టు చెప్పి
"దీన్ని యా సంఖ్యతో కొట్టినా పగల్దు సారూ" అన్నాడు.

నేను కాటా గుమాస్తాని.
చెప్పిన బరువు నమ్మే ఉద్యోగం కాదు నాది.
పాత బిల్లుల వెనక భాగహారాలు మొదలుపెట్టాను.
మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో,
ఎనిమిది వేల ఆరొందల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో.
వెయ్యికి పైనే.
ఒక ఎండాకాలమూ సగం వానాకాలమూ పోయాయి.
ప్రతిసారీ అడుగున ఏదో ఒక శేషం,
బండ ఎత్తితే తేలు ఉన్నట్టు.

ఓబయ్య మాటలో నేను విన్నది సగమే.
"కుడి అంచు తీసెయ్, అప్పుడూ పగల్దు.
ఇంకోటి తీసెయ్. ఏడొక్కటే మిగిలేదాకా తీసెయ్."
మరి చివర ఇంకో అంకె చేరిస్తే?
"చేర్చేదానికి లేదు.
ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడుకే పోతాది.
మూడో తొమ్మిదో పెడితే
ఇంకేదో పెద్ద సంఖ్య వచ్చి చీలుస్తాది.
గనిలో ఇంతకన్నా పొడుగు బండ రాలేదనుకో.
ఎడమ అంచు మాత్రం తాకొద్దు.
ఆ ఏడు పోయిందంటే పదకొండు దెబ్బకే ముక్కలు."

మరుసటేడు సిమెంటు లారీ వెనక్కొస్తూ
చివరి మూడును తీసుకుపోయింది.
మిగిలిన ఏడంకెలతో మళ్లీ కూర్చున్నాను,
ఈసారి రెండు వేల ఏడొందల ఇరవై దాకా చాలు.
పగల్లేదు.
ఇంకో మూడు ఎండకు పొర లేచిపోయింది.
ఒకటి, మౌలాబి కొడుకు కట్టెలు కొట్టే చోట పడింది పాపం.

ఇప్పుడు డెబ్బై మూడు వేల తొమ్మిది వందల ముప్పై తొమ్మిది.
దీనికి ఒక మధ్యాహ్నం సరిపోయింది.
చెబుదామని పోతే
ఓబయ్య మంచం మీద దగ్గుతూ
"తెలుసు" అన్నాడు.

నిన్న పంచాయతీ వాళ్లొచ్చారు,
కాలువ మీద మూతకు ఈ బండ కావాలట.
జానెడు పొడుగెక్కువ, కోయాలట.
యా పక్క, అని మేస్త్రీ ఎవర్నో అడుగుతున్నాడు.
టీ గ్లాసు కింద పెట్టి
లేచి చూపించాను.