దిగిన తర్వాతి నిమిషం

ఎలాదియో మోటారు తెచ్చి బల్ల మీద పెట్టగానే
ముందు నా ముక్కుకే తెలిసింది.
మాడిన వార్నిష్.
ఇరవై రెండేళ్లుగా దోన్ బెనీతోలో
టమాటా తోటల పంపులకు రాగి చుట్టేదాన్ని,
ఈ వాసనే నా ఇంటి చిరునామా.

ఇది పంపుది కాదు.
పిడికిట్లో ఇమిడే బొమ్మ హెలికాప్టరు మోటారు.
బ్రష్షులు లేవు, అరిగేదేమీ లేదు,
అందుకే నమ్మి చెడ్డాడు.
"దిగినప్పుడల్లా వేలు పెట్టి చూశాను కసిల్దా,
గోరువెచ్చగానే ఉంది."

ఆ వేళ్లు చూశాను.
నలభై ఒక్క ఏళ్లు రొట్టెల పొయ్యిలోంచి
రేకులు లాగిన వేళ్లు.
గీతలన్నీ చెరిగిపోయాయి,
గుర్తింపు కార్డు ఆఫీసులో యంత్రం
ఇతన్ని మనిషిగా ఒప్పుకోదట.
చేతులు కాలాక ఎవరైనా ఆకులు పట్టుకుంటారు,
ఇతను మోటారు పట్టుకున్నాడు.

విప్పి చూపించాను.
రాగి నల్లబడింది సరే, అది చుట్టగలను.
అయస్కాంతాలకు నా పెద్ద పానా అంటించాను.
పట్టుకుంది, కాసేపు ఆలోచించింది, జార్చేసింది.

వేడికి పోయిన ఆ బలం
చల్లారినా తిరిగి రాదు.
పైగా దీని గుణం వింత,
బలం తగ్గినకొద్దీ ఇంకా వేగంగా తిరగాలని చూస్తుంది,
ఆవురావురుమని కరెంటు తాగుతుంది,
తాగినకొద్దీ కాలుతుంది.
"మా బావమరిదీ ఇలాగే పోయాడు," అన్నాడు ఎలాదియో.

కొత్త మోటారు వచ్చింది.
పదమూడు పళ్ల పినియన్ తీసి పన్నెండు పళ్లది వేశాను.
ఒక్క పన్నేగా, అని గొణిగాడు.
నీ నోట్లో ఒక్కటి ఊడితే తెలియలేదా, అన్నాను.
రెక్కల వాలు కూడా రెండు డిగ్రీలు కోశాను,
గొణగడానికి అతనికి ఓపిక మిగల్లేదు.

గాలి సంగతి మాత్రం అతనే నాకు నేర్పాడు.
డొప్ప ముక్కుకు చిల్లు పెట్టబోతుంటే
నా చేతిలో కత్తి ఆపాడు.
"పొయ్యికి నోరుంటే చాలుతుందా, పొగగొట్టం వద్దూ?
పోయే దారి లేని గాలి వచ్చి మాత్రం ఏం చేస్తుంది?"
వెనకవైపు, తోక మొదట్లో,
బొటనవేలి గోరంత కోశాడు.
ఆ కోత ఎంత నున్నగా వచ్చిందంటే
నాకు కొంచెం అసూయ కలిగింది.

ఆదివారం, గ్వాదియానా ఒడ్డున వరిమళ్ల పక్కన.
పొద్దున తొమ్మిదికే ముప్పై ఆరు.
నాలుగు నిమిషాలు ఎగిరింది,
కొంగలు విసుక్కుని ఆవలి గట్టుకు పోయాయి.
దిగగానే వేలు పెట్టాను,
ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకుంది.
అతనప్పుడే రెండో బ్యాటరీ అందుకున్నాడు.
ఆగు, అన్నాను.

ఒక నిమిషం తర్వాత మళ్లీ పెట్టాను.
మూడు కూడా దాటలేదు, చెయ్యి లాగేసుకున్నాను.

ఎగిరిన వేడి కాదిది.
తిరుగుతున్నంతసేపూ దాని గాలే దానికి చలువ.
ఆగాక, లోపల చుట్టల్లో దాగినదంతా
నెమ్మదిగా పైకి వస్తుంది.

ఎలాదియో చాలాసేపు మాట్లాడలేదు.
"రొట్టె కూడా అంతే," అన్నాడు చివరికి.
"బయటికి తీశాకా లోపల ఉడుకుతూనే ఉంటుంది.
తొందరపడి కోస్తే పిండి."

బేకరీ మార్చిలో మూసేశాడు.
షట్టరుకి చివరిసారి గ్రీజు రాసింది నేనే.
ఇప్పటికీ రాత్రి రెండింటికి
సందు అవతల అతని వంటింట్లో దీపం వెలుగుతుంది,
నాకెలా తెలుసంటే నేనూ నిద్రపోను.
ఎప్పుడూ అడగలేదు.
ఆ రోజూ అడగలేదు.

కారు నీడలో కూర్చున్నాం.
డొప్ప విప్పిన హెలికాప్టరు మా మధ్య,
పుచ్చకాయ పక్కన రెండో బ్యాటరీ.
"నీ వేలుతో చూడు, ఎంత ఉందో చెప్పు."
చూశాను. ఐదు, అన్నాను.
"అయితే ఇంకాసేపు కూర్చుందాం," అన్నాడు.