బొట్టులో ట్యూబులైటు

మా రాంనగర్ ఇంట్లో
బోరు నీళ్ళు ఫొటోకి పనికిరావు.
ఆరిపోయాక చుట్టూ సున్నపు గీత మిగులుతుంది,
ఎవరో చాక్‌పీసుతో గుండ్రం గీసినట్టు.
అందుకే రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్ళని
చిన్న సీసాలో పట్టి దాస్తాను,
తాగడానికి కాదు,
ఒక్క బొట్టు నిలబెట్టడానికి.

వంటింటి వెనక తూము పక్కన
అడక్కుండా మొలిచిన చామ మొక్క.
ఒక ఆకు కోసి గాజు పలక మీద పరిచాను.
దానికి నీరు అంటదు,
దొర్లుతుంది, ఆగుతుంది, వణుకుతుంది.
లెన్సు దగ్గరికి జరిపితే
బొట్టులో మొదట కనిపించేది ఆకు కాదు,
ట్యూబులైటు.
తెల్లటి పుల్ల, కొంచెం వంగి.
దాని పక్కన కిటికీ ఊచలు, నాలుగు.
ఊచల వెనక ఎదురింటి వాటర్ ట్యాంకు.
వీటన్నిటి ముందు
పెద్ద ముక్కుతో, ఒక కన్ను మూసుకుని
ఎవరో.
నేనే.

ఇరవై రెండేళ్ళు
చిక్కడపల్లి స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీశాను.
"గడ్డం జర కిందికి. కళ్ళద్దాలు తీయండి,
గ్లాసులో లైటు పడుతోంది."
రోజుకి నలభై సార్లు అన్న మాట.
అద్దాలు తీస్తే ముక్కు మీద రెండు నొక్కులు,
బస్సు తప్పిపోయినవాళ్ళ చూపు.
ఎల్లాస్వామి అని ప్రెస్సులో పనిచేసిన ముసలాయన
తీయనన్నాడు.
"అద్దాలు లేకుంటె మా ఇంటోళ్ళే నన్ను గుర్తువట్టరు.
నీ లైటే తియ్యి."
నవ్వాను ఆ రోజు.
లైటు తీయడం నాకప్పటికి రాదు.

ఇప్పుడు నీటిబొట్టుని
తీసి పక్కన పెట్టమనడానికి దాని దగ్గర ఏమీ లేదు.
తీయాల్సింది నా గదే.

ట్యూబులైటు ఆర్పాను.
కిటికీకి పాత పేపర్లు అంటించాను.
గాజు పలక కింద బటర్ పేపరు,
దాని కింద సెల్‌ఫోను టార్చి.
తెల్ల బనీను మీద నల్ల చొక్కా.
ట్రైపాడ్ కాళ్ళ మెరుపుకి నల్ల టేపు.
ఉంగరం జేబులోకి.
అయినా బొట్టు కొసన నా నుదురు,
బట్టతల కదా, అదొక దీపం.

పై అంతస్తు అస్రా, తొమ్మిదో తరగతి,
మెట్ల మీద కూర్చుని ఇదంతా చూసి
పైకి పోయి నల్లటి బురఖా తెచ్చింది.
"దాదీ ఇచ్చింది అంకుల్, చిరిగిందే.
మధ్యలో కోసుకోమంది."
నాకు చేయి రాలేదు.
లెన్సు మూత పెట్టి సుద్దతో కొలత గీసి
కత్తెర ఆ పిల్లే వేసింది.

కలరా ఉండల వాసన, లోపలెక్కడో అత్తరు.
ఆ చీకట్లో దూరి చూస్తే
ట్యూబులైటు లేదు, ఊచలు లేవు,
ట్యాంకు లేదు, నేను లేను.
బొట్టూ లేదు.

ఆకు ఉంది. ఈనెలు ఉన్నాయి.
ఒకచోట ఈనె కొంచెం లావైంది, అంతే.
అక్కడే ఉండాలి నీరు.

"ఏమైంది అంకుల్?" అని
గుడ్డ జానెడు ఎత్తింది అస్రా.
మెట్ల వైపు వెలుగు
బొట్టు భుజం మీద గోటి గీతంత పడింది.
"దించకు" అన్నాను.
"కొంచెం దించు. కాదు, ఎత్తు. ఆ, అక్కడే. కదలొద్దు."
పాస్‌పోర్టు గొంతు వచ్చేసింది నాకు.
ఫొటో తనకే అన్నట్టు
ఆ పిల్ల గడ్డం జర కిందికి దించింది.

నాలుగు ఫ్రేములు.
ఐదోదానికి కింద నుంచి కేక, నల్లా వచ్చిందని.
బిందెలు దడదడమన్నాయి, మెట్లు అదిరాయి,
బొట్టు దొర్లి నేల మీద పడి
మామూలు తడి అయింది.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేశాను.
మూడింటిలో శుభ్రమైన గీత.
నాలుగోదానిలో గీత ఒకచోట తెగింది,
గుడ్డ పట్టుకున్న వేళ్ళు, లెక్కపెడితే మూడు.
చెరిపే బ్రష్షు దాని మీదికి తెచ్చి
ఆగాను.

ఎల్లాస్వామి ఫొటో చివరికి ఎలా తీశానో
ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.
నాకూ అద్దాలొచ్చి ఏడేళ్ళు.
తెర వెలుగు వాటిలో పడుతూ ఉంటుంది,
ఈ గదిలో చెప్పేవాళ్ళు లేరు.